పెర్వేసివ్ అంటే వ్యాపించేదా, వ్యాపించి ఉన్నదా?

శివారు పొలం (అల్లవరం)
అందరికీ నమస్కారం. మా వైపు రైతుల కోసం నెలకొకసారి ఓ చిన్న పత్రిక వేస్తున్నాం. గోదావరి డెల్టా శివారు భూముల మీద వచ్చిన ఒక ఇంగ్లీషు నివేదికను ఈ సంచిక కోసం తెలుగులోకి తెచ్చే పని నా మీద పడింది. లెక్కలు, పటాలు సాఫీగానే వచ్చాయి. విశేషణాల దగ్గరే బండి ఆగిపోయింది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుదనం ‘పెర్వేసివ్’ అంటాడు. మురుగు కాలువల్లో గుర్రపు డెక్క ‘ర్యాంపంట్’ అంటాడు. నిఘంటువు చూస్తే రెండింటికీ ‘వ్యాపించిన, ప్రబలిన, విస్తరించిన’ అనే ఇస్తోంది. ఇంకో పేజీలో స్వర్ణ వరి సాగు ‘వైడ్‌స్ప్రెడ్’ అని ఉంది. దానికీ అవే అర్థాలు. మూడూ ఒకటే అయితే ఆయన మూడు మాటలు ఎందుకు వెతుక్కున్నట్టు? చదివేది రైతులు. ఉప్పుకీ, డెక్కకీ, స్వర్ణకీ ఒకే మాట వేస్తే నవ్వుతారు. ఏం వేయమంటారు?

గ్రూప్స్ అభ్యర్థి (తణుకు)
అన్నిటికీ ‘విస్తృతమైన’ అని పెట్టేయండి సార్. నా దగ్గరున్న పరీక్షల పుస్తకంలో పెర్వేసివ్, ప్రివలెంట్, ర్యాంపంట్, రైఫ్, వైడ్‌స్ప్రెడ్, యుబిక్విటస్ అన్నీ ఒకే గడిలో సమానార్థకాలుగా ఇచ్చారు. ఒకటి అడిగితే ఇంకొకటి గుర్తుపెట్టమంటారు, అంతే.

కాకినాడ మాస్టారు
ఆ గడి గీసిన మహానుభావుడి దగ్గర నేను చదువుకోలేదు, అదృష్టవంతుణ్ని. బాబూ, పరీక్ష వరకు నీ గడి నిన్ను కాపాడుతుంది. తర్వాత ఆఫీసులో ఒక ఉత్తరం రాయాల్సి వచ్చినప్పుడు ముంచుతుంది.

శివారు పొలం గారూ, మీ సందేహం సరైనదే. పెర్వేసివ్ లాటిన్ నుంచి వచ్చింది. ‘పెర్’ అంటే గుండా, ‘వాడెరె’ అంటే వెళ్లడం. ఇన్వేడ్, ఎవేడ్ కూడా ఆ ‘వాడెరె’ సంతానమే. లోపలికి వెళ్తే ఇన్వేడ్, బయటికి తప్పించుకుపోతే ఎవేడ్, గుండా వెళ్లి ప్రతి అణువులో చేరితే పెర్వేడ్. కాబట్టి ఈ మాటలో ఉన్నది వెడల్పు కాదు, లోతు. పులుసులో ఉప్పు పెర్వేసివ్, ములక్కాడ ముక్కలు కావు. ముక్కలు ఎన్ని ఉన్నా గరిటెతో ఏరి పక్కన పెట్టవచ్చు. వాసనకు, భయానికి, చెమ్మకు, ఒక మనిషి ప్రభావానికి ఇంగ్లీషువాళ్లు ఈ మాట హాయిగా వాడతారు.

ర్యాంపంట్ కథ వేరు. పాత ఫ్రెంచిలో ‘రాంపె’ అంటే పాకడం, ఎగబాకడం. వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లు గాలిలోకి చాచిన సింహాన్ని యూరప్ రాజచిహ్నాల భాషలో ‘లయన్ ర్యాంపంట్’ అంటారు. స్కాట్లండ్ రాజుల పతాకం మీద ఉన్న ఎర్ర సింహం అదే. అంటే ఈ మాటలో మీదికి లేచే దూకుడు ఉంది, పట్టపగ్గాలు లేకపోవడం ఉంది. అందుకే అవినీతికి, ధరల పెరుగుదలకు, పిచ్చి మొక్కలకు అతుకుతుంది.

మార్టేరు మడి (పెనుగొండ)
మాస్టారు చెప్పింది పొలంలో పెట్టి చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైంది. మన సార్వా (వానాకాలపు పంట) మడుల నుంచి ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లింది. తక్కువ ఎరువుతో ఎక్కువ పండుతుందని రైతే కోరి వేసుకున్నాడు. దాన్ని వైడ్‌స్ప్రెడ్ అనడంలో తప్పు లేదు. ర్యాంపంట్ అని చూడండి, స్వర్ణ ఏదో గట్లు తెంచుకుని పొరుగు చేలో పడ్డట్టు ఉంటుంది. మంచి విషయానికి ఆ మాట పొసగదు.

గుర్రపు డెక్కకు మాత్రం కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. దక్షిణ అమెరికా మొక్క అది. పువ్వు అందంగా ఉందని తెచ్చుకున్న దేశాలన్నీ తర్వాత తలలు పట్టుకున్నాయి. తల్లి మొక్క పక్కకు తీగ వదులుతుంది, తీగ చివర పిల్ల మొక్క, దానికి మళ్లీ తీగ. నీరు కదలకుండా, ఎరువుల మురుగుతో బలంగా ఉంటే రెండు వారాలు తిరిగేసరికి రెట్టింపవుతుంది. పైన తీసి పారేసినా విత్తనం అడుగు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తూడు, డెక్క తీయిస్తారు, సార్వాకు నీరు వదిలిన కొద్ది వారాలకే లాకుల దగ్గర మళ్లీ పచ్చటి తివాచీ. ఎగబాకే సింహం బొమ్మ ఎందుకు గానీ, మురుగు కాలువ గట్టు మీద నిలబడితే ఆ విశేషణం అర్థమవుతుంది.

పాత సబ్ ఎడిటర్ (రాజమహేంద్రవరం)
ఇంగ్లీషు వంశవృక్షాలు బాగున్నాయి. తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. ‘విస్తృతమైన’ అనే మాటను డెస్కులో కూర్చున్నప్పుడు నేను ఎన్నిసార్లు కొట్టేశానో లెక్క లేదు. విస్తృతమైన అవినీతి, విస్తృతమైన జ్వరాలు, విస్తృతమైన పొగమంచు! ఎవరు మాట్లాడతారు ఇలా?

వ్యాపించడానికి తెలుగులో విశేషణం వెతకడమే తప్పు దారి. మనకు క్రియలున్నాయి, కోకొల్లలుగా. పైగా ఏ క్రియ దేని పక్కన కూర్చోవాలో భాష ఎప్పుడో తేల్చేసింది. చీకటి, పొగ అలుముకుంటాయి. మబ్బు కమ్ముకుంటుంది. ఈగలు ముసురుతాయి. నిప్పు, తీగ, కబురు పాకుతాయి. జ్వరాలు ప్రబలుతాయి. దౌర్జన్యం పెచ్చరిల్లుతుంది. దరిద్రం తాండవిస్తుంది. అవినీతి రాజ్యమేలుతుంది, ముదిరితే వేళ్లూనుకుంటుంది, ఇంకా ముదిరితే ఊడలు దిగుతుంది. శాంతి, సంతోషం మాత్రం వెల్లివిరుస్తాయి. దరిద్రం వెల్లివిరిసింది అన్నారంటే వెక్కిరింపు అని పసిపిల్లకు కూడా తెలుస్తుంది. ఇంగ్లీషువాడు విశేషణం మార్చి సాధించేదంతా మనం క్రియతో సాధిస్తాం.

ఇక ఉప్పుకు మీ ఊళ్లో మాట లేదా? ‘చౌడు పట్టింది’ అనరా? బూజు పట్టడం, తుప్పు పట్టడం, చీడ పట్టడం, అన్నిటికీ ఆ ‘పట్టు’ ఉంది కదా. పట్టిందంటే పైన వాలిందని కాదు, వదలడం లేదని. మీ పెర్వేసివ్ అక్కడే ఉంది.

గ్రూప్స్ అభ్యర్థి (తణుకు)
మరి రైఫ్ మాటేమిటి మాస్టారూ? అది ఎప్పుడూ వాక్యం చివర్లోనే కనిపిస్తోంది.

కాకినాడ మాస్టారు
బాగా గమనించావు. రైఫ్ నామవాచకానికి ముందు నిలబడదు. ర్యాంపంట్ కరప్షన్ అనవచ్చు, రైఫ్ కరప్షన్ అనకూడదు. కరప్షన్ ఈజ్ రైఫ్ అనాలి. లేదా ఫలానా చోటు ‘రైఫ్ విత్’ ఫలానాది అనాలి, అప్పుడు చోటు ముందుకొస్తుంది. ఇది లాటిన్ సరుకు కాదు, పాత ఇంగ్లీషు నాటి నుంచి ఉన్న మాట. పుకార్లకు, అనుమానాలకు బాగా కుదురుతుంది. సబ్ ఎడిటర్ గారు అడగకముందే చెబుతాను, తెలుగులో పుకార్లు షికార్లు చేస్తాయి. 2022 జూలై వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిన రాత్రి, ఫలానా చోట ఏటిగట్టు తెగిందంటూ ఫోన్లలో తిరిగిన కబుర్లు మీలో చాలామంది వినే ఉంటారు. రైఫ్ అంటే ఆ రాత్రి.

వనామీ (భీమవరం)
మాటల సంగతి మీరు చూసుకోండి. నాకు ఆ నివేదిక మీదే అనుమానంగా ఉంది. ఉప్పుదనం పెర్వేసివ్ అంటే ఏ ఊళ్లో, ఏ వైపు, ఎంత లోతున? వేసవిలో ఆనకట్ట కింద నదిలో నీరు పలచబడితే పోటు నీరు పాయల్లోకి ఎగదన్నుకొస్తుంది. మురుగు కాలువ నోటి దగ్గర ఇసుక మేట వేస్తే వాన నీరు బయటికి పోదు, తలుపుల్లేని చోట పోటు లోపలికి వస్తుంది. ఇది ఒక దారి. భూమి అడుగున ఉప్పు నీటి మీద మంచినీరు పొరలా తేలి ఉంటుంది. బోరు లోతుగా దించి ఎడాపెడా తోడితే అడుగు ఉప్పు పైకొస్తుంది. ఇది ఇంకో దారి. ఎండకు నేల ఆరి, తడి పైకి లాగి, తెల్లగా పేరుకోవడం మూడోది. మూడు దారులకూ మందు వేరు. అన్నిటినీ ఒక విశేషణంలో కలిపేస్తే రైతు ఏం చేయాలి? ఆకాశం నీలంగా ఉంది అన్నట్టు ‘ఉప్పు ఉంది’ అని ఊరుకోవాలా?

శివారు పొలం (అల్లవరం)
వనామీ గారూ, నాలుగో దారి మీరు చెప్పలేదు. వరి చేను పక్కనే రొయ్యల చెరువు తవ్వి ఉప్పు నీరు నింపితే, గట్టు కింద నుంచి ఊరి మా చేలోకి రావడం లేదా? నివేదికలో అదీ ఉంది, రెండు పేజీల తర్వాత.

వనామీ (భీమవరం)
వస్తుంది. కాదనలేదు. చెరువు చుట్టూ ఊట కాలువ తవ్వకపోతే వస్తుంది, తవ్వినా దాన్ని పూడిక తీయకపోతే వస్తుంది. కానీ మా పక్క చాలా చెరువుల్లో ఇప్పుడు వనామీ రొయ్యను తక్కువ ఉప్పు నీటిలోనే పెంచుతున్నారు. టైగర్ రొయ్య రోజులు వేరు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక లెక్క మారింది. అన్ని చెరువులనూ ఒకే గాటన కట్టకండి. నేను అడిగేదీ అదే. పెర్వేసివ్ అనగానే చేసినవాడు మాయమవుతాడు, అది మీకూ నష్టమే. ఉప్పు దానంతట అదే పుట్టినట్టు ఉంటుంది.

శివారు పొలం (అల్లవరం)
ఆ మాట ఒప్పుకుంటాను. 2011లో కోనసీమలో పంట విరామం ప్రకటించినప్పుడు కూడా ఇదే జరిగింది. గిట్టుబాటు ధర, కూలీల ఖర్చు, మునక, మురుగు పారకపోవడం, ఇలా రైతులు ఒక్కొక్కటిగా కారణాలు చెప్పారు. బయట రాసినవాళ్లు కొందరు ‘విస్తృత అసంతృప్తి’ అని తేల్చేశారు.

నిర్వాహకుడు
చెరువుల గొడవకు వేరే చర్చ తెరిచి ఉంది. ఇక్కడ మాట మీద ఉందాం.

వైనతేయ (పి. గన్నవరం)
మీ చర్చ చదువుతుంటే నాకొక పాత కాగితం గుర్తొచ్చింది. మా అబ్బాయి చిన్నప్పుడు మాటలు ఆలస్యమైతే పరీక్షలు చేయించాం. కాగితం మీద పెర్వేసివ్ డెవలప్‌మెంటల్ డిజార్డర్ అని రాశారు. దానికి తెలుగులో ఎవరో చేసిన అనువాదం ‘వ్యాపించే ఎదుగుదల లోపం’. బంధువుల్లో ఒకావిడ అది చదివి తన పిల్లలను మా ఇంటికి పంపడం మానేసింది. వ్యాపిస్తుందని రాసి ఉంది కదా అని ఆవిడ వాదన. చదువుకున్న మనిషే. ఆవిడ మీద కన్నా ఆ అనువాదం చేసిన మనిషి మీదే నాకు ఇప్పటికీ కోపం. పెర్వేసివ్ అంటే లోతు అని మాస్టారు పైన రాశారు. అప్పట్లో ఎవరైనా ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

తెల్లకోటు (అమలాపురం)
అమ్మా, ఆ పేరులో పెర్వేసివ్ అంటే ఒకరి నుంచి ఒకరికి వెళ్లేది అని ఎంతమాత్రం కాదు. మాట, కలివిడితనం, ఆట, ఇలా ఎదుగుదలలో ఒక్క పాయ కాకుండా పలు పాయల్లో కనిపించేది అని. ఒక్క చదవడంలోనే ఇబ్బంది ఉంటే ఈ పేరు పెట్టేవారు కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం వర్గీకరణలో 1980 నుంచి ఉన్న ఆ పేరు 2013 కూర్పులో పోయింది. ఇప్పుడు ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అంటున్నారు. పాత కాగితాల్లో మాత్రం ఇంకా ఉంటుంది, కాబట్టి మీరు రాసింది ఎవరికైనా పనికొస్తుంది.

వ్యాపించే మాటల్లో మా వృత్తిలోనూ గజిబిజి ఉంది. కంటేజియస్‌లో ఉన్న లాటిన్ ధాతువుకు అర్థం తాకడం. మన ‘అంటువ్యాధి’లోని అంటు అచ్చంగా అదే. గజ్జి అంటువ్యాధి. మలేరియా కాదు, దానికి దోమ మధ్యవర్తి కావాలి. సూక్ష్మజీవి వల్ల వచ్చేవన్నీ ఇన్‌ఫెక్షియస్, వాటిలో మనిషి నుంచి మనిషికి అంటుకునేవే కంటేజియస్. తెలుగు పత్రికలు రెండింటికీ అంటువ్యాధి అనే రాస్తాయి. రోగి మంచం పక్కన కూర్చోవడానికి కూడా జనం భయపడటంలో ఆ మాట వాటా ఎంతో కొంత ఉందనే నా నమ్మకం.

ఎండెమిక్ మాట కూడా అంతే. గోదావరి జిల్లాల్లో బోదకాలు తరతరాలుగా ఉంది. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది, అందుకే ఇంటింటికీ వచ్చి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించే కార్యక్రమాలు నడిచాయి. ఒక నేలను అంటిపెట్టుకుని ఏళ్లకు ఏళ్లు ఉండిపోయే జబ్బు ఎండెమిక్. స్వల్పమైనది అని కాదు. కొవిడ్ ఎండెమిక్ అవుతుంది అనగానే చాలామంది ‘పోతోంది’ అనుకున్నారు! 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ పాండెమిక్ అన్నప్పుడు కూడా ఆ మాట ఎంత దూరం వ్యాపించిందో చెబుతుంది, ఎంత ప్రాణాంతకమో కాదు. మనం దానికి మహమ్మారి అని పేరు పెట్టుకున్నాం. అందులో మారి ఉంది, చావు వాసన ఉంది. తప్పని అనను, కానీ రెండూ ఒకటి కావు.

గ్రూప్స్ తమ్ముడికి ఒక ముక్క. ప్రివలెంట్ అనే మాటకు మా దగ్గర లెక్క ఉంది. ఈ రోజు ఊళ్లో ఎందరికి జబ్బు ఉందో అది ప్రివలెన్స్. ఈ ఏడు కొత్తగా ఎందరికి వచ్చిందో అది ఇన్సిడెన్స్. బోదకాలు కొత్తగా ఒక్కరికీ రాకపోయినా పాతవాళ్లు బతికి ఉన్నంతకాలం ప్రివలెన్స్ ఉంటుంది. ఉండటం వేరు, వ్యాపిస్తూ ఉండటం వేరు.

పాత సబ్ ఎడిటర్ (రాజమహేంద్రవరం)
డాక్టరు గారి చివరి వాక్యంతో శీర్షిక ప్రశ్నకు జవాబు దొరికేసింది. వైనతేయ గారి కాగితం మీద జరిగిన అన్యాయం మొత్తం ఒక ప్రత్యయంలో ఉంది. వ్యాపించే, వ్యాపిస్తున్న, వ్యాపించిన, వ్యాపించి ఉన్న. ఇవి నాలుగు వేర్వేరు మాటలు. ‘వ్యాపించే’ అంటే దాని స్వభావమే వ్యాపించడం, రేపు నీ ఇంటికి వస్తుంది. ‘వ్యాపించి ఉన్న’ అంటే పని అయిపోయింది, ఇప్పుడున్న స్థితి అది. ఇంగ్లీషు విశేషణం ఈ ప్రశ్నను దాటేస్తుంది. మనకు దాటే వీలు లేదు, క్రియ పట్టుకున్నాక కాలం చెప్పి తీరాలి. నిఘంటువులు ఒక్కో మాటకు ఒక్కో క్రియాజన్య విశేషణం ఇచ్చి చేతులు దులుపుకుంటాయి, అందులో ఏ కాలం వేశారో పట్టించుకోరు.

కాకినాడ మాస్టారు
ఇంగ్లీషు దాటేస్తుంది అనడం అన్యాయం. కాలం అక్కడా ఉంది, తోకలో దాక్కుంది. ర్యాంపంట్ చివరి ‘అంట్’ ఫ్రెంచిలో జరుగుతున్న పనికి గుర్తు. పాకుతున్న, ఎగబాకుతున్న అని. వైడ్‌స్ప్రెడ్‌లోని స్ప్రెడ్ భూతకాలపు రూపం, పరుచుకున్న అని. పెర్వేసివ్ చివరి ‘ఇవ్’ పని చేసే గుణాన్ని చెబుతుంది.

పాత సబ్ ఎడిటర్ (రాజమహేంద్రవరం)
మాస్టారూ, ప్రివలెంట్ చివర కూడా ఆ తోకే ఉంది కదా, ‘ఎంట్’. మరి అది పెరుగుతూ ఉందని ఎవరైనా అనుకుంటారా? డాక్టరు గారే కాదన్నారు. తోక చూసి జంతువును పోల్చుకోవడం అన్నివేళలా కుదరదు.

కాకినాడ మాస్టారు
ప్రివలెంట్ పుట్టినప్పుడు ‘పైచేయిగా ఉన్న’ అని అర్థం. వాడగా వాడగా అరిగింది. ర్యాంపంట్ ఇంకా అరగలేదు. నా పక్షం నాదే.

మార్టేరు మడి (పెనుగొండ)
ఇద్దరి మధ్య దూరడం కాదు గానీ, పొలంలో ఈ తేడా డబ్బుతో ముడిపడి ఉంది. సుడిదోమ తీసుకోండి. మొదట చేను మధ్యలో ఒకచోట గుండ్రంగా ఎండుతుంది. నాలుగు రోజులు చూసీచూడనట్టు ఉంటే ఆ సుడులు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. సుడులుగా ఉన్నప్పుడే దుబ్బుల మొదళ్లలో పడేలా మందు కొట్టి, మడి నీరు తీసి ఆరబెడితే చేను మిగులుతుంది. నివేదికలో ‘దోమ వైడ్‌స్ప్రెడ్’ అని ఉంటే అది మండలమంతా అక్కడొక సుడి ఇక్కడొక సుడి ఉందనా, ఒక్కో చేను పూర్తిగా పోయిందనా? రెండూ అదే మాటలో పడతాయి. ఎండాకు తెగులు అలా కాదు. గాలివాన వచ్చిన కొద్ది రోజులకు ఆకు అంచుల వెంట దిగుతూ చేనంతా ఒక్కసారే కనిపిస్తుంది.

కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ కూడా చూడండి. మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచి వైపు మొదట కనిపించింది. తర్వాత కడియం నర్సరీల వైపు, అక్కడి నుంచి కోనసీమ తోటల్లోకి దిగింది. ఆకు అడుగున తెల్లటి మైనపు సుడులు, కింది ఆకుల మీద తేనెలాంటి జిగురు, దాని మీద నల్లటి మసి. మొదటి ఏళ్లలో దాన్ని ర్యాంపంట్ అనడంలో అతిశయోక్తి లేదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు మిత్రపురుగులను, ఈ దోమను చంపే ఐసేరియా అనే శిలీంద్రాన్ని రైతులకు ఇస్తున్నారు. గట్టి వానలకు కూడా తగ్గుతుంది, వేసవిలో మళ్లీ లేస్తుంది. తోటలన్నిటిలో ఉంది కాబట్టి వైడ్‌స్ప్రెడ్, కానీ ఏడాది పొడుగునా ర్యాంపంట్ కాదు. ఒకే పురుగుకు నెలను బట్టి విశేషణం మారుతోంది.

గ్రూప్స్ అభ్యర్థి (తణుకు)
యుబిక్విటస్ ఒక్కటి మిగిలిపోయింది. పెర్వేసివ్‌తో తేడా ఏమిటి? పరీక్షలో రెండూ పక్కపక్కనే ఇస్తారు.

కాకినాడ మాస్టారు
‘ఉబీక్వే’ అంటే లాటిన్‌లో ఎక్కడైనా సరే అని. ఎటు తిరిగినా ఎదురుపడేది యుబిక్విటస్. మన రోడ్ల మీద ఆటో, చేతిలో సెల్‌ఫోను, కోనసీమలో కొబ్బరిచెట్టు. లెక్కపెట్టగలిగిన వస్తువుకు హాయిగా నప్పుతుంది, నిందేమీ లేదు, కాస్త సరదా కూడా ఉంది. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన హరికి రెండు మాటలూ చెల్లుతాయి. ఎక్కడ వెతికినా ఉన్నాడు, స్తంభం లోపలా ఉన్నాడు. ఆటో స్తంభం లోపల ఉండదు కాబట్టి పెర్వేసివ్ కాదు.

తెల్లకోటు (అమలాపురం)
ఉండకూడదు కూడా.

శివారు పొలం (అల్లవరం)
అందరికీ కృతజ్ఞతలు. నివేదిక మళ్లీ మొదటి నుంచి చదివాను. రచయిత మూడు మాటలనూ తెలిసే వాడాడని ఇప్పుడు అనిపిస్తోంది. విశేషణాలు వదిలేసి ఇలా రాశాను, చూడండి:

‘స్వర్ణ రకం డెల్టా అంతటా సాగులో ఉంది. మురుగు కాలువల్లో గుర్రపు డెక్క అడ్డూ అదుపూ లేకుండా పెరిగిపోతోంది. తీసినా మళ్లీ అల్లుకుంటోంది. తీర గ్రామాల్లో ఉప్పు నేలలోకీ, ఊట నీటిలోకీ ఇంకిపోయి ఉంది.’

వనామీ గారి ఫిర్యాదు వల్ల ఉప్పు వాక్యం కిందే నాలుగు దారులనూ నివేదికలో ఉన్న క్రమంలో చేర్చాను. మొదట ఇవి వేరే పేజీకి పోయాయి. ‘చౌడు పట్టింది’ వేయలేదు. మా వైపు చౌడు అంటే పైన తెల్లగా తేలిన నేల, రైతు అదే అనుకుంటాడు. నివేదిక చెప్పేది పైకి కనిపించని ఉప్పు గురించి కూడా.

పాత సబ్ ఎడిటర్ (రాజమహేంద్రవరం)
‘ఇంకిపోయి ఉంది’ బాగుంది. రెండో వాక్యంలో ‘అడ్డూ అదుపూ లేకుండా’ కొట్టేసి చూడండి. ‘తీసినా మళ్లీ అల్లుకుంటోంది’లోనే ఆ సంగతి ఉంది.

కాకినాడ మాస్టారు
కొట్టేయవద్దు. ర్యాంపంట్‌లోని నింద ఆ ముక్కలోనే ఉంది. అదుపు చేయాల్సినవాళ్లు చేయలేదన్న సంగతి అల్లుకోవడంలో రాదు.

వనామీ (భీమవరం)
ఉంచండి, అందులో నిజముంది. ఉప్పు వాక్యానికి ఇంకొకటి కావాలి. ఏ నెలలో కొలిచారు? సార్వా నీరు నిలబడి నేల కడిగేసిన కార్తికంలో కొలిస్తే ఒక లెక్క, కాలువలు కట్టేసిన వేసవిలో కొలిస్తే ఇంకో లెక్క. ‘ఇంకిపోయి ఉంది’ అని రాస్తే ఏడాదంతా అలాగే ఉంటుందని చదివినవాడు సార్వా కూడా మానుకుంటాడు.

శివారు పొలం (అల్లవరం)
చూశాను. నమూనాలు మే నెలలో తీసినవి. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంది. వాక్యాన్ని ఇలా మార్చాను: ‘మే నెలలో పరీక్షించినప్పుడు తీర గ్రామాల్లో ఉప్పు నేలలోకీ, ఊట నీటిలోకీ ఇంకిపోయి ఉంది.’ సార్వా తర్వాత తీసిన నమూనాల లెక్క నివేదికలో లేదని కూడా పక్కనే వేశాను. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేసి కలియదున్నడం గురించి మార్టేరు మడి గారు ఓ పేరా రాసిస్తానంటే ఈ సంచికలోనే చోటు ఉంచుతాను.

మార్టేరు మడి (పెనుగొండ)
రేపు సాయంత్రానికి పంపుతాను. విశేషణాలు లేకుండా.